ఆటోమేటిక్ లారీ: క్లచ్ పెడల్ పోయింది గానీ క్లచ్ ఎటూ పోలే

తమ్మీ, నీ ప్రశ్న రెండు సార్లు చదివిన. ఐదేండ్ల సంది మిర్యాలగూడ రైసు మిల్లుల లోడు మీద పది టైర్ల మాన్యువల్ బండి నడిపినవ్, ఇప్పుడు కొత్త ఓనరు దగ్గర చేరితే ఆయన క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ ట్రైలర్ చేతిల పెట్టిండు, వాడపల్లి దిక్కు నుంచి సిమెంటు లోడు కొట్టాలె. తోటి డ్రైవర్లేమో అది స్కూటీ లెక్క, దాన్ని నడిపేటోడు డ్రైవరే కాదు అంటున్నరు, ఓనరేమో క్లచ్ కాలిస్తే జీతంల కోస్తా అంటున్నడు. నువ్వు అడిగింది మూడు ముచ్చట్లు: క్లచ్ నిజంగనే తొందరగ పోతదా, లోడుతోని ఘాట్ దిగేటప్పుడు దీన్ని ఎట్ల నమ్మాలె, దీనికి అలవాటు పడితే చేతిల ఉన్న పని మర్చిపోతనా అని. జర పెద్దగనే రాస్తున్న, ఎందుకంటే సగం సగం చెప్తే ఇసొంటి విషయంల ప్రాణం మీదికి వస్తది.

నేను నల్లగొండల క్లీనరుగ టారస్ లారీ ఎక్కింది 1999ల, స్టీరింగ్ పట్టింది 2003ల. పన్నెండు పదమూడేండ్లు గేర్ రాడ్ గుంజిన, గుంజి గుంజి ఎడమ మోకాలు అరిగిపోయి పొద్దున లేచినంక పది నిమిషాలు గోడ పట్టుకోని నడవాల్సి వచ్చేది. ఆటోమేటిక్ మీద ఇప్పుడు తొమ్మిదేండ్లు అయితుంది, ముందు పాలమూరు దిక్కు కాలువ పనుల టిప్పర్, తర్వాత ట్రైలర్, ఈ మధ్య మూడేండ్ల సంది యార్డుల కొత్త పిల్లగాండ్లకు ఇవే బండ్లు నేర్పుతున్న. అందుకే చెప్తున్న, ఆ స్కూటీ అనే మాట మనసుల నుంచి తీసెయ్. ఆ మాట నమ్మి ఏ తయారు లేకుండ సీట్ల కూసున్నోళ్లే క్లచ్‌లు కాలుస్తరు.

ముందు ఆ డబ్బాల ఏముందో తెల్వాలె. మన దగ్గర లారీలకు, టిప్పర్లకు వచ్చే ఆటోమేటిక్ ఎక్కువ శాతం ఏఎంటీ (ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్). అంటే లోపల ఉండేది నువ్వు ఇన్నేండ్లు నడిపిన గేర్‌బాక్సు లాంటిదే, పళ్ల చక్రాలు అవే, ఇంజన్ ఎన్కకు ప్లేటు, ప్రెషర్ ప్లేటు ఉన్న ఎండు క్లచ్ కూడ అదే. తేడా ఏందంటే క్లచ్ తొక్కేది నీ కాలు కాదు, గాలితోని పనిచేసే ఒక సిలిండర్ తొక్కుతది, గేర్ రాడ్ గుంజేది కూడ గాలే, ఎప్పుడు తొక్కాలె ఎప్పుడు గుంజాలె అని చెప్పేది కంప్యూటర్. మనం పాత బండ్లల డబుల్ క్లచ్ కొట్టి ఇంజన్ స్పీడు, గేరు స్పీడు కలిపి పళ్లు రాలకుండ వేసేటోళ్లం కదా, గదే పని అది ప్రతి గేరుకు లెక్కగట్టి చేస్తది. వోల్వో వాళ్ల ఐ-షిఫ్ట్ 2001ల వచ్చింది, 12 గేర్లు, భారత్‌బెంజ్, టాటా ప్రైమా, లేలాండ్, ఐషర్ల ఏఎంటీలు కూడ మూలసూత్రంల ఇట్లనే ఉంటయ్. ఇంకో రకం ఉంటది, అల్లిసన్ కంపెనీవి అసొంటివి, దాంట్ల ఇంజన్‌కు గేర్‌బాక్సుకు నడుమ ఆయిల్‌తోని తిరిగే టార్క్ కన్వర్టర్ ఉంటది, అది నిలవడి దొర్లినా అరిగే ప్లేటు ఏం ఉండదు. అది వేరే సంసారం. చాలామంది యూట్యూబ్‌ల దాని గురించి చూసి వచ్చి ఏఎంటీని అట్లనే నడుపుతరు, ఆడనే దెబ్బ తింటరు. ముందుగాల నీ బండిది ఏ రకమో ఖాయం చేసుకో.

ఇప్పుడు అసలు ముచ్చట. ఈ డబ్బాకు కండ్లు లేవు. దానికి తెలిసేది చక్రం ఎంత తిరుగుతుంది, ఇంజన్ ఎంత తిరుగుతుంది, నీ కాలు ఎంత తొక్కింది, లోడు ఎంత గుంజుతుంది, బండి ఎక్కుడు మీద ఉందా దిగుడు మీద ఉందా, గంతే. ముందట రెండు వందల మీటర్ల దూరంల ఎక్కుడు మొదలైతుందని, ఆ వంపు తర్వాత దిగుడు ఉందని, కల్లం నుంచి ట్రాక్టరు రోడ్డెక్కుతుందని దానికి తెల్వదు. నీకు తెలుసు. మాన్యువల్ బండిల నువ్వు ఎక్కుడు కనిపించంగనే, బండి ఇంకా ఉరుకుతుండంగనే గేరు తగ్గించేటోనివి కదా, ఆ పని ఇప్పుడు కూడ నీదే. చెయ్యి చేసే పని తగ్గింది, కన్ను చేసే పని అట్లనే ఉంది. బయటి దేశాలల కొన్ని బండ్లకు జీపీఎస్‌తోని రోడ్డు మ్యాపు చూసి ముందే గేరు తయారు చేసుకునే సిస్టం ఉంది, నీకు వచ్చేదాంట్ల అది ఉంటదని లెక్కేసుకోకు.

క్లచ్ సంగతి చెప్త. నేను ఆటోమేటిక్ టిప్పర్ ఎక్కిన మొదటి నెలల్నే క్లచ్ కాల్చిన. కాలువ పని, కింద నుంచి రాళ్లు నింపుకోని పైకి రావాలె, ర్యాంపు ఏటవాలుగ ఉంది, ముందట రెండు టిప్పర్లు ఆగినయ్, నేను బ్రేకు తొక్కకుండ యాక్సిలరేటర్ జరంత తొక్కి బండిని అట్లనే ఆపుకున్న, మాన్యువల్‌ల హాఫ్ క్లచ్ మీద ఆపుకునే అలవాటే ఇది. పెడల్ లేదు కాబట్టి హాఫ్ క్లచ్ కూడ లేదనుకున్న. కానీ లోపల ప్లేటు సగం పట్టుకోని రాసుకుంటనే ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఏదో వార్నింగ్ వచ్చింది, పీ పీ అన్నది, ఇంగ్లీషుల ఏముందో చదువుకోలే, మళ్లొక్కసారి అట్లనే చేసిన, ఇగ కాలిన వాసన, పొగ. బండి నాలుగు రోజులు నిలవడింది. ప్లేటు మార్చేకాడ మెకానిక్ నాకు ఆ ప్లేటు చూపిచ్చిండు, నీలం రంగుకు తిరిగింది. ఆ రోజు సంది ఏ కొత్తోనికి నేర్పినా నేను మొదటి దినం చెప్పేది ఇదే: ఎక్కుడు మీద బండి ఆగాలంటే బ్రేకుతోనే ఆగాలె, యాక్సిలరేటర్‌తోని ఆపొద్దు.

ఎక్కుడు మీద మళ్ల లేపేటప్పుడు హిల్ హోల్డ్ ఉంటది, బ్రేకు మీద నుంచి కాలు తీసినా బండి ఎన్కకు రాకుండ పట్టుకుంటది, కానీ కొన్ని బండ్లల అది కొన్ని సెకన్లే, తర్వాత వదిలేస్తది. ఆ లోపల కాలు బ్రేకు మీద నుంచి యాక్సిలరేటర్ మీదికి పోవాలె, పోయినంక భయం భయంగ తొక్కొద్దు, లోడు మీద ఉన్నవ్ కాబట్టి గట్టిగ, నిమ్మళంగ తొక్కితే క్లచ్ తొందరగ పూర్తిగ పట్టుకుంటది, ఎంత తొందరగ పట్టుకుంటే అంత తక్కువ అరుగుతది. మెల్లగ తొక్కితే క్లచ్‌కు మంచిదని అందరు అనుకుంటరు, ఎక్కుడు మీద అది ఉల్టా. ఇంకోటి, అది ఎన్నో గేరుల లేస్తదో దాన్నే ఎంచుకోనీ, లోడు చూసి, ఏటవాలు చూసి ఒకటో రెండో మూడో అదే పడతది. నువ్వు తొందరకు పోయి పెద్ద గేరుల లేపితే ప్లేటే కాలుతది.

ట్రాఫిక్‌ల కూడ ఇంతే. సంక్రాంతి ముందట విజయవాడ రోడ్డు ఎట్ల ఉంటదో నీకు నేను చెప్పాల్నా, పంతంగి టోల్‌గేటు కాడ కార్లు కిలోమీటర్ల కొద్ది ఉంటయ్, ఇంచు ఇంచు కదులుతయ్. ఆడ ముందటి కారు మూడడుగులు జరిగితే నువ్వు మూడడుగులు జరిగితివంటే ప్రతి జరుగుడుకు ప్లేటు ఒకసారి రాసుకుంటది, గంటల ఎన్ని సార్లో లెక్కేసుకో. నువ్వు ముందట రెండు మూడు బండ్ల జాగ ఇడువు, జాగ అయినంక ఒక్కసారి లేపి, మొదటి గేరు పూర్తిగ పట్టుకోని దొర్లేటట్లు పో, మళ్ల ఆగు. ఎన్క కార్లోడు హారన్ కొడతడు, ఆ జాగల ఇంకో కారు దూరుతది, దూరనీ. పట్టించుకోకు. మొదట్ల నాకు కూడ మస్తు కోపమొచ్చేది, ఇప్పుడు రావట్లే.

వార్నింగ్ వస్తే ఏం చెయ్యాలె అంటే, క్లచ్ వేడెక్కిందని చూపిస్తే ఒడ్డుకు తీసి, న్యూట్రల్‌ల పెట్టి, పార్కింగ్ బ్రేకు గుంజి, ఇంజన్ నడవనీ, కొంచెంసేపు ఆగు, చల్లారుతది. ఇంజన్ బంద్ చేసి ఛాయ్ తాగనీకి పోకు. ఇగ నీ ఓనరు జీతం కోస్తా అన్న ముచ్చటకు నా సలహా ఏందంటే, బండి తీసుకునే రోజే సర్వీస్ సెంటర్‌ల కంప్యూటర్ పెట్టి క్లచ్ ఎంత మిగిలిందో చూపించమని అడుగు, చాలా ఏఎంటీ బండ్లల అది కనవడతది, ఆ కాగితం ఫోటో తీసుకోని పెట్టుకో. పాతోడు సగం అరగదీసి పోయింది నీ నెత్తిమీద పడొద్దు. మంచి ఓనరు అయితే దీనికి కాదనడు.

ఎక్కుడు ఎక్కేకాడ, మట్టిల పోయేకాడ ఇంకో ఇబ్బంది ఉంటది. ఏఎంటీ గేరు మార్చేటప్పుడు ఒక క్షణం గుంజుడు ఆగుతది, సాపు రోడ్డు మీద అది తెల్వనే తెల్వదు, జడ్చర్ల నుంచి కొత్తకోట, పెబ్బేరు దాకా 44 నంబరు హైవే మీద ఆటో మోడ్‌ల ఇడిసిపెట్టి హాయిగ పోవచ్చు. కానీ నిండా లోడుతోని ఏటవాలు ఎక్కుడు నడుమ గేరు మారిందంటే ఆ క్షణంల స్పీడు చచ్చిపోతది, పై గేరు గుంజలేక మళ్ల కిందికి పడతది, ఇట్ల ఊకె పైకి కిందికి కొట్టుకుంటది. అందుకే ఎక్కుడు మొదలు కాకముందే మాన్యువల్‌కు, అంటే గేరు నువ్వే ఎంచుకునే మోడ్‌కు, తీసుకో, నీ అనుభవంల ఈ ఎక్కుడుకు ఏ గేరు సరిపోతదో అది పెట్టి, పైదాకా అదే గేరుల గుంజు. క్వారీల, వానకు నానిన మట్టిల, ఇసుకల అయితే ఇది ఇంకా ముఖ్యం, నడుమ గేరు మారిందంటే బండి కూలబడ్డట్టే. దిగబడినంక గట్టిగ తొక్కి చక్రం తిప్పకు, డిఫరెన్షియల్ లాక్ (రెండు దిక్కుల చక్రాలు కలిసి తిరిగేటట్లు చేసేది) వేసి మెల్లగ తియ్యి, రాకుంటే ఇంకో బండితోని గుంజియ్యి. పవర్ మోడ్, ఎకానమీ మోడ్ బటన్ ఉంటది, లోడుతోని ఎక్కుడుకు పవర్, ఖాళీగ సాపు రోడ్డుకు ఎకానమీ. ఓవర్‌టేక్ చేసేటప్పుడు యాక్సిలరేటర్ అడుగుకంటా తొక్కితే కిందికి ఒక నొక్కు తగులుతది, దాన్ని కిక్‌డౌన్ అంటరు, గేరు తగ్గి బలం వస్తది. కానీ ఎదురుంగ బండి వస్తుంటే ఆ బలం మీద లెక్కలు కట్టకు, గేరు తగ్గనీకి పట్టే ఆ క్షణం కూడ కలుపుకోవాలె.

ఇగ ఘాట్. నువ్వు భయపడుతున్నది దీనికే, భయపడాల్సింది కూడ దీనికే. మన దిక్కు పెద్ద ఘాట్లు తక్కువ, హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు మీద దోమలపెంట దాటినంక డ్యామ్ దిక్కు దిగేది, సాగర్ల హిల్ కాలనీ నుంచి పైలాన్ దిక్కు దిగేది, ఇసొంటివి. మన్ననూరు గేటు కాడ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా అడవిల పోనియ్యరు కాబట్టి చాలామంది పొద్దున గేటు తియ్యంగనే తొందర తొందరగ పోతరు, ఆ తొందర దిగుడు కాడికి వచ్చేసరికి కూడ తగ్గదు. 2018ల పాసింగ్ బరువులు (బండి, లోడు కలిపి చట్టం ఒప్పుకునే బరువు) పెంచిన్రు, పది టైర్ల బండికి 25 టన్నులుండేది 28.5 టన్నులు అయింది, పెద్ద ట్రైలర్లకు 49 నుంచి 55 టన్నులు. గంత బరువు ఎన్క నుంచి దొబ్బుతుంటే దాన్ని బ్రేకు ఒక్కటే ఆపుతదనుకుంటే తప్పు. కాలు బ్రేకు మీదనే పెట్టి దిగితే డ్రమ్ము వేడెక్కి ఉబ్బుతది, లైనింగు పట్టు తప్పుతది, నువ్వు ఎంత తొక్కినా పెడల్ కింద గాలి ఉంటది గానీ చక్రం ఆగదు. పాత డ్రైవర్లు చెప్పిన మాటే ఈడ చెల్లుతది, ఏ గేరుల ఎక్కుతవో ఆ గేరుల, ఇంకా చెప్పాలంటే ఒక గేరు తక్కువల దిగు.

ఆటోమేటిక్‌ల ఇది ఎట్ల చెయ్యాలంటే, దిగుడు మొదలు కాకముందే, బోర్డు కనవడంగనే బ్రేకు తొక్కి స్పీడు తగ్గించి, మాన్యువల్‌కు మార్చి, చిన్న గేరు పెట్టి, ఎగ్జాస్ట్ బ్రేకో ఇంజన్ బ్రేకో (ఇంజన్ తిరుగుడునే అడ్డుకోని బండిని పట్టుకునేవి) ఆన్ చేసి అప్పుడు దిగాలె. ముందే అని ఎందుకు నొక్కి చెప్తున్ననంటే, దిగుడు నడుమ స్పీడు పెరిగినంక నువ్వు గేరు తగ్గించమని గుంజినా అది తగ్గియ్యదు. ఆ స్పీడుల చిన్న గేరు పడితే ఇంజన్ విపరీతంగ తిరిగి పగులుతది కాబట్టి కంప్యూటర్ ఒప్పుకోదు, పీ అని ఒక చప్పుడు చేసి ఊకుంటది. మాన్యువల్ బండిలనైనా గా స్పీడుల గేరు పడకపోయేది, న్యూట్రల్‌ల ఉండిపోయి బండి జారిపోయేది, ఎన్నో బండ్లు అట్లనే లోయల పడ్డయ్. ఈడ కనీసం ఉన్న గేరన్నా చేతిల ఉంటది, అప్పుడు గట్టిగ బ్రేకు కొట్టి స్పీడు దించి, దించినంక మళ్ల గేరు అడుగు.

ఎగ్జాస్ట్ బ్రేకు బలం ఇంజన్ ఎంత ఎక్కువ తిరిగితే అంత ఎక్కువ. వెయ్యి ఆర్‌పీఎం మీద అది ఉన్నా లేనట్టే, రెండు వేల దగ్గరల తిరుగుతుంటే గట్టిగ పట్టుకుంటది. మనకేమో ఇన్నేండ్లు ఇంజన్ మొత్తుకుంటుంటే పాడైతదేమో అని భయం, కొత్తోళ్లు ఆ చప్పుడుకు బెదిరి గేరు పెంచుతరు, పెంచంగనే పట్టు పోతది. దిగుడుల ఆ చప్పుడు మంచి చప్పుడు, మీటర్ మీద ఎర్ర గీతకు పోకుండ చూసుకుంటే చాలు. ఆటోల ఉన్నప్పుడు కూడ కొన్ని బండ్లు ఇంజన్ బ్రేకు గట్టిగ వెయ్యంగనే అవే గేరు తగ్గించుకుంటయ్, నీ బండి అట్ల చేస్తదో లేదో ముందు ఖాళీ బండితోని చిన్న దిగుడు మీద చూసుకో. బ్రేకు కావాల్సి వచ్చినప్పుడు ఊకె ఆనించి పెట్టకు, గట్టిగ కొట్టి ఎనిమిది పది కిలోమీటర్ల స్పీడు దించి ఇడువు, మళ్ల పెరిగితే మళ్ల కొట్టు, నడుమల డ్రమ్ముకు గాలి తగులుతది. ఒక్క జాగ్రత్త, వానల ఖాళీ ట్రైలర్‌తోని పోతున్నప్పుడు ఇంజన్ బ్రేకు పూర్తిగ వెయ్యకు, అది ఇంజన్ తిప్పే చక్రాల మీదనే పనిచేస్తది కాబట్టి అవి జారి ట్రైలర్ మలుచుకుంటది.

న్యూట్రల్ గురించి వేరుగ చెప్పాలె, ఎందుకంటే మన దగ్గర ఇది రోగం లెక్క ఉంది. దిగుడు కనవడంగనే న్యూట్రల్ కొట్టుడు, డీజిల్ మిగులుతదని. తమ్మీ, ఇప్పటి ఇంజన్లల అది మిగలదు. గేరులనే ఉండి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇంజన్‌కు డీజిలే బంద్ అయితది, చక్రాలే ఇంజన్‌ను తిప్పుతయ్, న్యూట్రల్‌ల అయితే ఇంజన్ ఆగకుండ ఉండనీకి ఐడ్లింగ్ డీజిల్ తాగాల్సిందే. పైగ న్యూట్రల్‌ల ఎగ్జాస్ట్ బ్రేకు పనిచెయ్యదు, ఇంజన్ మెల్లగ తిరుగుతది కాబట్టి కంప్రెసర్ గాలి తక్కువ నింపుతది, నువ్వేమో మాటిమాటికి బ్రేకు కొట్టి గాలి ఖాళీ చేస్తుంటవ్. కొన్ని కొత్త బండ్లు సాపు దిగుడు మీద అవే ఒక క్షణం వదిలేసి దొర్లుతయ్, అది కంప్యూటర్ లెక్క చూసుకోని చేసేది, అవసరం పడంగనే మళ్ల పట్టుకుంటది. నీ చేత్తోని మాత్రం నడిచే బండిల ఎన్‌కు పోకు.

నిలిపేకాడ కూడ పాత అలవాటు ఒకటి మార్చాలె. మాన్యువల్ బండిని గేరుల పెట్టి ఇంజన్ బంద్ చేసేటోళ్లం, హ్యాండ్‌బ్రేకు మీద నమ్మకం లేక. ఏఎంటీ ఇంజన్ బంద్ చేసినంక గేరు పట్టుకోని ఉంటదని లెక్కేసుకోవద్దు, చాలా వాటిల అది న్యూట్రల్‌కే పోతది. కాబట్టి పార్కింగ్ బ్రేకు గుంజు, ఏటవాలు మీద అయితే చక్రం కింద కట్టె ముక్కనో రాయినో అడ్డం పెట్టు, ఇంకా అనుమానముంటే చక్రం రోడ్డు అంచు దిక్కు తిప్పి పెట్టు. కదిలేటప్పుడు ఆ రాయి తీసి పక్కకు పారెయ్, దయచేసి పారెయ్, మనోళ్లు పెట్టిపోయిన రాయికి రాత్రి పూట బైకుల మీద వచ్చే పిల్లలు గుద్దుకోని చచ్చిపోతున్నరు, నేను నా కండ్లతోని చూసిన. రివర్స్ వేసేటప్పుడు బండి పూర్తిగ ఆగినంకనే ఆర్ కు మార్చు, ఆర్ ల నుంచి డీ కి మార్చినా అంతే. గోడౌన్‌ల ఇంచు ఇంచు ఎన్కకు పోవాల్సి వస్తే చాలా మెల్లగ తొక్కాలె, ఈడ కూడ ప్లేటు రాసుకుంటది కాబట్టి ఒక్క ప్రయత్నంల పడేటట్లు ముందే బండిని నేరుగ తెచ్చుకో, అవసరమైతే కిందికి దిగి చూసి రా. టిప్పర్ అయితే బాడీ లేపి పెట్టి కదలొద్దు, కరెంటు తీగలు మన ఊర్లల ఎంత కిందికి వేలాడుతయో ఎరుకే కదా.

మెయింటెనెన్సుల నీకు, ఓనరుకు ఇద్దరికీ తెలవాల్సింది గాలి, కరెంటు. గేరు మార్చేది గాలే అని చెప్పిన కదా, ఎక్కడన్న పైపు లీకయి గాలి తక్కువైతే గేరు పడదు, పడ్డది ఇడువదు. పొద్దున బండి స్టార్ట్ చేసినంక గాలి నిండేదాకా ఆగు, రాత్రి నిండుగ పెట్టిన గాలి పొద్దునకు ఖాళీ అయితుందంటే లీకు ఉన్నట్టే, ఆ రోజే చూపియ్యి. ఎయిర్ డ్రయ్యర్ (గాలిల తేమ తీసేది) కాట్రిడ్జ్ టైముకు మార్చాలె, లేకుంటే ఆ తేమ చిన్న చిన్న వాల్వులల చేరి ఇబ్బంది పెడతది, మాన్యువల్ బండిల దీన్ని ఎవరూ పట్టించుకునేది కాదు. బ్యాటరీలు బలహీనంగ ఉంటే గేర్‌బాక్సు లేనిపోని ఫాల్టులు చూపిస్తది, గేర్‌బాక్సు ఇప్పమనే ముందు బ్యాటరీ, ఎర్తు వైరు చూడమని చెప్పు. వెల్డింగ్ ముచ్చట అయితే బాగ గుర్తు పెట్టుకో. రోడ్డు పక్క షెడ్డుల డాలా విరిగిందనో, మడ్‌గార్డు ఊడిందనో వెల్డింగ్ పెట్టిస్తం, ఏఎంటీ బండికి బ్యాటరీ వైర్లు తియ్యకుండ, కంప్యూటర్ల కనెక్షన్లు తియ్యకుండ వెల్డింగ్ పెడితే ఆ కరెంటు పోయి గేర్‌బాక్సు కంప్యూటర్ పోయే ప్రమాదం ఉంటది. కడిగేటప్పుడు కూడ ప్రెషర్ నీళ్లు గేర్‌బాక్సు మీదున్న కనెక్టర్ల మీదికి కొట్టనియ్యొద్దు. క్లచ్ మార్చినంక దానికి కంప్యూటర్‌తోని కొత్త ప్లేటు ఎక్కడ పట్టుకుంటదో నేర్పియ్యాలె, అది చెయ్యని మెకానిక్ కాడ క్లచ్ దింపియ్యకు, చెయ్యి ఎంత మంచిదైనా సరే.

బండి నడుమల ఆగిపోతే తోసి స్టార్ట్ చేద్దామనుకోకు, ఇది తోస్తే లేవదు. ఇంకో బండికి కట్టి గుంజాల్సి వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి ఎన్క చక్రాలకు పోయే రాడ్) ఇప్పించు, ఇంజన్ తిరగకుండ చక్రాలు తిరిగితే గేర్‌బాక్సుల ఆయిల్ సరిగ్గ అందక లోపల కాలిపోతది.

నీ మూడో ప్రశ్న, పని మర్చిపోతనా అని. నేను తొమ్మిదేండ్ల తర్వాత మొన్న ఒక దోస్తు పాత టారస్ నడిపిన, మొదటి రెండు గేర్లు గరగరమన్నయ్, మూడో కిలోమీటర్ కాడికి చెయ్యి దానంతటదే పోయింది. ఐదేండ్లు గుంజినోనివి నువ్వు మర్చిపోవు. లైసెన్సు గురించి భయం వద్దు, మన దేశంల లారీకి ఆటోమేటిక్‌కు వేరే, గేర్లకు వేరే అని లైసెన్సు లేదు, ట్రాన్స్‌పోర్టు లైసెన్సు ఒక్కటే. అమెరికాల అయితే ఆటోమేటిక్ బండితోని టెస్టు ఇచ్చినోనికి గేర్ల బండి నడపొద్దని లైసెన్సు మీద రాస్తరు. గల్ఫ్ పోదామని ఆలోచన ఉంటే ఈ అనుభవం పనికొస్తది, ఆడ ఆటోమేటిక్ బండ్లు బాగనే తిరుగుతున్నయ్. కానీ కొత్తగ ఈ పనికి వస్తున్న పిల్లలకు మాత్రం నేను ముందు ఒక ఏడాది గేర్ల బండే నడపమని చెప్త, ఏ బరువుకు ఏ గేరు అనేది చెయ్యితోని తెలుసుకుంటేనే ఆటోమేటిక్ తప్పు చేసినప్పుడు పట్టుకోగలుగుతరు. దీంట్ల నాతోని ఒప్పుకోనోళ్లు ఉన్నరు, నేను మాత్రం మార్చుకోలే.

ఇంకోటి నువ్వు అడగలే గానీ చెప్పాలె. నిద్ర. గేర్ల బండిల చేతులకు కాళ్లకు పని ఉండి ఏదో ఒకటి మేల్కొలుపుతది, దీంట్ల సూర్యాపేట దాటి కోదాడ దిక్కు సాపు రోడ్డు మీద తెల్లారుజామున మూడున్నరకు పోతుంటే చెయ్యనీకి ఏం పని ఉండదు, అందుల ఏసీ క్యాబిన్ చల్లగ ఉంటది. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే పెద్ద లారీలకు క్యాబిన్ ఏసీ తప్పనిసరి చేసిన్రు, ఎండకాలం మన నల్లగొండ ఎండల అది ప్రాణం నిలబెట్టేది, నేను దానికి మస్తు సంతోషపడ్డ. కానీ నిద్ర గురించి నువ్వు ముందే లెక్క పెట్టుకోవాలె. 1961 మోటార్ ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టంల రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని ఉండేది, మన దగ్గర ఎంతమంది పాటించిన్రో నాకంటే నీకే ఎక్కువ తెలుసు. ఓనరు ఏమన్నా సరే, కండ్లు మంటవెడితే బండి ఒడ్డుకు తీసి ఇరవై నిమిషాలు పడుకో. మోకాలు నొప్పి తగ్గిందని రెండు గంటలు ఎక్కువ నడపకు.

మొదటి వారం ఇట్ల చెయ్. లోడు ఎక్కించక ముందే ఖాళీ బండితోని ఒక పూట యార్డుల తిప్పు, ఎడమ కాలు కింద పెట్టెయ్, అది ఊకె క్లచ్ కోసం ఎతుక్కుంటది, అలవాటు కొద్ది బ్రేకును గుద్దితే బండి ఒక్కసారి ఆగుతది, ఎన్కోడు వచ్చి గుద్దుతడు. తర్వాత సగం లోడుతోని నార్కట్‌పల్లి అద్దంకి రోడ్డు మీద మిర్యాలగూడ దాకా పోయి రా, సాపుగ ఉన్నకాడ ఆటోల, చిన్న ఎక్కుళ్ల కాడ మాన్యువల్‌ల. నిండు లోడు దాని తర్వాత. బండి మోడల్ ఏందో నువ్వు రాయలే, డ్యాష్‌బోర్డు, గేరు మార్చే కాడ ఉన్న బటన్లు, స్టీరింగ్ పక్కనున్న ఎగ్జాస్ట్ బ్రేకు మీట, ఈ మూడు ఫోటోలు తీసి పెట్టు, దాంట్ల ఏది దేనికో ఒక్కొక్కటి చెప్త.